వంజంగి ఫొటో కోసం కాదు, పాడేరు కోసమే పాడేరు వెళ్ళండి: బస్సు, లాడ్జి, మెస్, సంత అన్నీ కలిపి నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఇది పాడేరు పక్కనే ఉన్న, మబ్బుల మీద సూర్యోదయానికి పేరున్న వంజంగి కొండ గురించి రాసే రివ్యూ కాదు. వంజంగి వీడియో మన వైజాగ్‌లో ఇప్పటికే ప్రతి ఒక్కళ్ళ ఫోన్‌లోనూ ఉంది. రాత్రి పన్నెండుకి గాజువాకలోనో మధురవాడలోనో కారు స్టార్ట్ చేసి, తెల్లారేసరికి మబ్బుల మీద సెల్ఫీ దిగి, మధ్యాహ్నం భోజనానికల్లా మళ్ళీ ఇంట్లో ఉండే బ్యాచ్‌లు ఎన్నో. వాళ్ళల్లో చాలామందికి పాడేరు అంటే దారిలో టీ తాగిన ఒక సెంటర్, అంతే. నాకైతే అది చాలా బాధ అనిపిస్తది. ఎందుకంటే ఆ ఊరు ఒక జిల్లాకి రాజధాని. 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినప్పుడు దాని హెడ్‌క్వార్టర్స్ పాడేరే, అప్పుడు 22 మండలాలు, 12 వేల చదరపు కిలోమీటర్ల పైన, విస్తీర్ణంలో రాష్ట్రంలోని పెద్ద జిల్లాల్లో ఒకటి. అంత జిల్లాకి రాజధాని అయిన ఊరేమో ఒక మెయిన్ రోడ్డు, దాని పక్కన వీధులు, చుట్టూ కొండలు. ఓపిగ్గా తిరిగితే ఒక పూటలో ఊరంతా నడిచేయొచ్చు.

ఆ చిన్న ఊరు అంత పెద్ద పని ఎలా మోస్తుందో చూడ్డానికే వెళ్ళాలి అని నా మాట. అలా చూడాలంటే ఒక రాత్రి కాదు, రెండు రాత్రులు ఉండాలి. ఇంక వివరాల్లోకి వెళ్తా, కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

బస్సు నుంచి మొదలెడతాను ఎందుకంటే నాకు ఈ ట్రిప్‌లో అన్నిటికంటే బాగా నచ్చినవాటిలో బస్సు ఒకటి. కారు ఉన్నా సరే బస్సులో వెళ్ళమనే చెప్తా. పాడేరుకి రైలు లేదు, వైజాగ్ నుంచి కిరండూల్ వెళ్ళే రైలు లైను అరకు మీదుగా వెళ్ళిపోతుంది కానీ పాడేరు వైపు రాదు, అరకు స్టేషన్‌లో దిగితే అక్కడ్నుంచి ఇంకో 45 కిలోమీటర్లు రోడ్డు మీద రావాలి. కాబట్టి మనకి నేరుగా దారి అంటే ఆర్టీసీ కాంప్లెక్స్‌లో పాడేరు బస్సు ఎక్కడమే. ఎన్ఏడీ, గోపాలపట్నం, పెందుర్తి, సబ్బవరం, చోడవరం, మాడుగుల, అక్కడ్నుంచి ఘాట్. మొత్తం 110 కిలోమీటర్లు అటూ ఇటూ, నాలుగ్గంటలు వేసుకోండి, త్వరగా చేరితే సంతోషం. ఆడవాళ్ళకి స్త్రీశక్తి కింద ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగుల్లో ఉచితం కాబట్టి బస్సు బాగా నిండుతుంది, పొద్దున్నే మొదటి బస్సులకి వెళ్తే సీటు దొరుకుతుంది, తొమ్మిది దాటాక అయితే చోడవరం దాకా నిలబడాల్సి రావొచ్చు. ఆధార్ కార్డు మర్చిపోకండి.

సబ్బవరం దాటేదాకా ఏం చెప్పడానికి లేదు, అంతా ట్రాఫిక్కూ లేఅవుట్లూ. చోడవరం దగ్గర్నుంచి చెరకు తోటలు మొదలవుతాయి, సీజన్‌లో అయితే బెల్లం వాసన బస్సు కిటికీలోంచే తెలుస్తుంది. మాడుగులలో బస్సు కాసేపు ఆగితే దిగి హల్వా కొనుక్కోండి. గోధుమలు నానబెట్టి రుబ్బి పాలు తీసి, నెయ్యి వేసి గంటలు గంటలు తిప్పి చేస్తారు, జీడిపప్పూ బాదంపప్పూ దండిగా పడతాయి. కానీ ఘాట్ ఎక్కే ముందు తినకండి, కొని బ్యాగులో పెట్టుకోండి, పాడేరు చేరాక తినండి. నెయ్యి తిని మలుపులు ఎక్కడం కడుపుకి మంచిది కాదు, ఇది సీరియస్‌గా చెప్తున్నా.

గరికబంద చెక్‌పోస్ట్ దాటాక అసలు ఘాట్ మొదలు. ఇక్కడ్నుంచి నేను డ్రైవర్ వెనక సీట్లో కూర్చుని అతన్నే చూస్తూ ఉండిపోయాను. యాభై దాటిన మనిషి ఉంటాడు. ప్రతి మలుపుకీ ముందే హారన్, కింద నుంచి ఎక్కే బండికి దారి ఇవ్వాలి అనేది ఘాట్ రూలు కాబట్టి దిగేటప్పుడు ఎలా ఆగుతారో ఎక్కేటప్పుడు ఎలా గేరు తగ్గకుండా లాగుతారో అదొక చదువు. ఒక మలుపులో ఎదురుగా వైజాగ్ నంబర్ కారు సగం రోడ్డు ఆక్రమించి వచ్చేసింది, కుర్రాళ్ళు. డ్రైవర్ ఒక్క మాట తిట్టలేదు, బస్సు ఆపి, కిటికీలోంచి చెయ్యి పెట్టి "నాన్నా, మెల్లగా, లైట్లు వేసుకో" అన్నాడు, అంతే. అమ్మవారి పాదాల దగ్గర బస్సు స్లో అవుతుంది, డ్రైవర్, కండక్టర్, సగం బస్సు దండం పెడతారు, కొంతమంది చిల్లర వేస్తారు. పైన పాడేరులో ఉన్న మోదకొండమ్మ తల్లివే ఆ పాదాలు. ఆ రోడ్డు మీద రోజూ తిరిగేవాళ్ళకి ఆ దండం ఎంత అవసరమో పక్కన లోయ చూస్తే మీకే తెలుస్తుంది. 2023 ఆగస్టులో ఈ ఘాట్‌లోనే బస్సు లోయలో పడి ప్రాణాలు పోయాయి. అందుకే సొంత కార్లో వెళ్ళేవాళ్ళకి నా రిక్వెస్ట్ ఒకటే, అర్ధరాత్రి పొగమంచులో ఈ ఘాట్ ఎక్కకండి, పగలు ఎక్కండి. వంజంగి సూర్యోదయం కోసం నిద్ర లేకుండా రాత్రంతా డ్రైవ్ చేసి ప్రాణం మీదకి తెచ్చుకోవడం ఎందుకు, ముందురోజే వచ్చి ఊళ్ళో పడుకోండి. కడుపులో తిప్పేవాళ్ళు మాడుగుల్లోనే మాత్ర వేసుకోండి, పిల్లలకి కిటికీ సీటు ఇవ్వండి, నిమ్మకాయ దగ్గర పెట్టుకోండి.

మినుములూరు వచ్చేసరికి గాలి మారిపోతుంది. చలికాలంలో పేపర్లో మన్యం ఉష్ణోగ్రతలు వేసేటప్పుడు చింతపల్లితో పాటు మినుములూరు పేరు కనిపిస్తుంది చూడండి, ఆ మినుములూరే. సిల్వర్ ఓక్ చెట్లు నిటారుగా, వాటికి మిరియం తీగలు చుట్టుకుని, కింద నీడలో కాఫీ మొక్కలు. పాడేరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు, వైజాగ్‌లో చొక్కా తడిసిపోయి ఎక్కినవాడు పాడేరులో దిగేసరికి బ్యాగులో స్వెటర్ కోసం వెతుక్కుంటాడు.

బస్టాండులో దిగాక మొదటి పది నిమిషాలు ఏమీ చెయ్యకండి, ఊరికే నిలబడి జనాన్ని చూడండి. అక్కడ టూరిస్టులు తక్కువ. ముంచింగిపుట్టు నుంచి, పెదబయలు నుంచి, జీకే వీధి (గూడెం కొత్తవీధి) నుంచి కాయితాలు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వచ్చిన వాళ్ళు ఎక్కువ. కుల ధ్రువీకరణ, పట్టా, పెన్షన్, పిల్లకి హాస్టల్ సీటు, ఊరికి రోడ్డు, ఒక్కొక్కళ్ళకి ఒక్కో పని. గిరిజనుల అభివృద్ధి పనులు చూసే ఐటీడీఏ ఆఫీసు ఎన్నో ఏళ్ళుగా ఇక్కడే ఉంది, పాడేరు ఐటీడీఏ కింద 11 మండలాలు, అనంతగిరి నుంచి కొయ్యూరు దాకా. జిల్లా వచ్చాక కలెక్టరేటూ మిగతా జిల్లా ఆఫీసులూ కూడా తోడయ్యాయి. ఇదివరకు వీళ్ళంతా జిల్లా పని మీద వైజాగ్ దిగి రావాల్సి వచ్చేది, ఇప్పుడు పాడేరుతో పని అయిపోతుంది. అదే 2022లో జిల్లా చేసినప్పుడు చింతూరు, ఎటపాక వైపు వాళ్ళని కూడా పాడేరుకే కలిపారు, వాళ్ళకి ఇది దగ్గర కాదు సరికదా ఒక రోజంతా ప్రయాణం. మ్యాపులో రెండు వేళ్ళ మధ్య దూరమే, కొండల్లో మాత్రం అది వేరే లోకం.

అర్జీలు తీసుకునే రోజు ఊరు కిటకిటలాడుతుంది, ఆటోలు, జీపులు, మెస్సులు అన్నీ ఫుల్. ఆ రోజు రూమ్ కోసం వెళ్తే దొరకదు. ఆ రోజు దొరికిన రూమ్ కూడా మీరు తీసుకోకపోతే మంచిది, ఎవరో దూరం నుంచి పని మీద వచ్చినవాళ్ళకి అది అవసరం.

ఇప్పుడు లాడ్జి సంగతి. పాడేరులో ఫ్యాన్సీ హోటళ్ళు ఆశించకండి. దానికి కారణం కూడా తెలుసుకోవాలి. ఇది షెడ్యూల్డ్ ఏరియా, 1/70 చట్టం అమల్లో ఉంటుంది, అంటే 1970లో వచ్చిన రెగ్యులేషన్ ప్రకారం ఇక్కడ భూమి గిరిజనేతరుల చేతికి మారడానికి లేదు. ఎవడో బయట నుంచి వచ్చి కొండ కొని రిసార్ట్ కట్టేయడం ఇక్కడ కుదరదు. ఆ చట్టాన్ని పక్కదారి పట్టించేవాళ్ళు లేరని కాదు, కానీ చట్టం లేకపోతే ఈపాటికి మినుములూరు నుంచి వంజంగి దాకా గేటెడ్ విల్లాలు ఉండేవి. నా దృష్టిలో రూమ్‌లో గీజర్ చిన్నదిగా ఉండటం, లిఫ్ట్ లేకపోవడం దీనికి చాలా చిన్న ధర. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమతా తీర్పు కూడా ఈ మన్యం నుంచే, అనంతగిరి మండలం నుంచే వెళ్ళిన కేసు. ఏజెన్సీలో ప్రభుత్వ భూమిని సైతం ప్రైవేటు మైనింగ్ కంపెనీలకి లీజుకి ఇవ్వడానికి లేదని తేల్చారు. ఈ ఊళ్ళో కూర్చుని చుట్టూ పచ్చగా చూస్తున్నప్పుడు ఆ తీర్పు గుర్తు చేసుకోవాలి అనిపించింది.

మేం దిగిన లాడ్జి పేరు రాయను, ఎందుకంటే మంచీ చెడూ రెండూ చెప్పాలి. మంచి ఏంటంటే దుప్పట్లు. మామూలు లాడ్జి దుప్పటి కాదు, బరువైన రగ్గులు, ఎండలో వేసిన వాసన వస్తూ శుభ్రంగా ఉన్నాయి, అడగకుండానే మనిషికి రెండేసి ఇచ్చారు. కిటికీ తీస్తే ఎదురుగా కొండ. కౌంటర్‌లో ఉన్న కుర్రాడు హుకుంపేట వైపు వాడు, డిగ్రీ చదువుతూ పని చేస్తున్నాడు, ఏ బస్సు ఎప్పుడో గూగుల్ కంటే కరెక్ట్‌గా చెప్తాడు. చెడు ఏంటంటే వేడినీళ్ళు. పొద్దున్న ఆరు నుంచి ఎనిమిది దాకా వస్తాయి అన్నారు, ఏడుకి పోయాయి, చలికాలం పాడేరులో చన్నీళ్ళ స్నానం పెద్దవాళ్ళకి మంచిది కాదు. అడిగితే వెంటనే బకెట్‌తో కాచి తెచ్చిచ్చారు, ఆ మాట కూడా చెప్పాలి. ఇంకో చెడు, శని ఆదివారాల్లో రేటు మారిపోతుంది, నవంబరు డిసెంబరు వీకెండ్‌లో అయితే ఇంకా ఎక్కువ. మంగళ, బుధ, గురువారాల్లో వెళ్ళేలా చూసుకుంటే డబ్బూ మిగుల్తుంది, ప్రశాంతత కూడా.

మెస్ గురించి మాత్రం మనసు పెట్టి రాస్తాను. మెయిన్ రోడ్డు నుంచి ఒక సందులోకి వెళ్తే రేకుల షెడ్డు, నాలుగు బల్లలు, బోర్డు కూడా లేదు, ఆఫీసుల వాళ్ళు, టీచర్లు, అర్జీ పెట్టుకోడానికి వచ్చినవాళ్ళు అందరూ అక్కడే. నడిపే అమ్మని అందరూ పిన్నీ అంటారు కాబట్టి మేమూ అలాగే పిలిచాం. మధ్యాహ్నం అడ్డాకు విస్తరిలో భోజనం. అన్నం, పప్పు, ఒక కూర, ఒక పచ్చడి, చారు, మజ్జిగ. చెప్పుకుంటే ఇంతే. కానీ ఆ కూర ఉంది చూశారా, రాజ్మా. మనం సూపర్‌మార్కెట్‌లో కొనే రాజ్మా ఎంత నానబెట్టినా లోపల పిండిగా గట్టిగా ఉంటుంది, ఇది కొత్త పంట, చింతపల్లి, లంబసింగి వైపు కొండ మీద పండింది, ఉల్లిపాయ, ఎండుమిర్చి, కొంచెం చింతపండు, అంతే మసాలా. చేత్తో నొక్కితే వెన్నలా కరిగిపోయింది. ఉత్తరాది వాళ్ళలాగా టమాటా గ్రేవీ చెయ్యరు ఇక్కడ, మన వంకాయ కూర చేసినట్టు దగ్గరికి ఇగరబెడతారు. అడిగి మరీ రెండుసార్లు వేయించుకున్నా.

రెండో రోజు వెదురు కొమ్ముల కూర. వానలు పడ్డాక వచ్చే లేత కొమ్ముల్ని సన్నగా తరిగి నానబెట్టి, చేదు నీళ్ళు పారబోసి వండుతారు, ఎండబెట్టి దాచుకున్నవి కూడా వాడతారు. మొదటి ముద్దకి వాసన కొత్తగా ఉంటుంది, పులిసిన వాసన, మూడో ముద్దకి అలవాటైపోతుంది. మా ఆవిడకి నచ్చలేదు, ఆమె పప్పుతోనే తినేసింది, పిన్ని అది చూసి ఏమీ అనకుండా గుడ్డు అట్టు వేసి తెచ్చి పెట్టింది. డబ్బులు ఇవ్వబోతే "దానికేటి బాబూ, ఆ అమ్మాయి కడుపు నిండొద్దా" అంది. పొద్దున్నపూట చోడి (రాగి) అంబలి ఉంటుంది, వేడిగా కాదు, పులిసింది, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని తాగాలి. అది తాగి కొండ ఎక్కితే మధ్యాహ్నం దాకా ఆకలి ఉండదు.

బొంగులో చికెన్ గురించి అడుగుతారని తెలుసు. పాడేరు, అరకు దారుల్లో చాలా చోట్ల దొరుకుతుంది. పచ్చి వెదురు బొంగులో కోడి ముక్కలు కూరి, మూతి ఆకుతో బిగించి నిప్పుల మీద కాలుస్తారు, నూనె అక్కర్లేదు, బొంగులో ఉన్న తడితోనే మగ్గుతుంది. నాకు సలహా అడిగితే, ముందే కాల్చి వరసగా పెట్టినవి కొనొద్దు, మీ ముందు కాల్చమనండి, అరగంట పైనే పడుతుంది, ఆ టైమ్ లేకపోతే మానేయండి.

ఇంక కాఫీ. మన్యం కాఫీ పుట్టిల్లు కదా అని బస్టాండు ఎదురుగా బండి దగ్గర కాఫీ అడిగితే పొడి ప్యాకెట్ చించి పాలల్లో కలిపి ఇచ్చారు. ఊళ్ళో ఎక్కువమంది టీయే తాగుతారు. ఇది చూసి నాకు బాధేసింది. 2019లో అరకు వ్యాలీ అరాబికా కాఫీకి జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది, 2017లో పారిస్‌లో అరకు పేరుతో కాఫీ షాపు పెట్టారు, ఆ గింజలు పండించిన రైతు ఊళ్ళో దిగిన మనకి మాత్రం ఇన్‌స్టెంట్. వెతికితే మంచి ఫిల్టర్ కాఫీ ఇచ్చే చోటు ఒకటి దొరికింది, జిల్లా ఆఫీసుల వైపు వెళ్ళే దారిలో చిన్న కొట్టు, భార్యాభర్తలిద్దరూ నడుపుతారు, సొంత తోట గింజలే, ఇంట్లోనే వేయించి ఆడించిన పొడి. చికోరీ కలపరు. మనకి అలవాటైన చిక్కదనం ఉండదు, పల్చగా, కొంచెం పులుపు తగుల్తూ, చివర్లో తీపి. పాలు లేకుండా ఒక కప్పు తాగండి అని వాళ్ళే అన్నారు, తాగాను, చాలా బాగుంది.

ఆయనతో మాట్లాడితే తెలిసింది ఎంత పని ఉంటుందో. వేసవిలో జల్లులు పడితే మొక్క నిండా తెల్ల పూలు, మల్లెపూల వాసన. నవంబరు నుంచి పండ్లు కోత, ఎర్రగా పండినవే ఏరి కొయ్యాలి, పచ్చివి కలిస్తే రేటు పడిపోతుంది. కోసిన రోజే తోలు తీసి, కడిగి, ఎండబెట్టాలి. 2025లో అరకు వైపు కాయ తొలిచే బెర్రీ బోరర్ పురుగు కనబడేసరికి అందరికీ భయం పట్టుకుంది, అది గింజలోనే ఉండి ఒక తోట నుంచి ఇంకో తోటకి పాకుతుంది. కాబట్టి టూరిస్టులు దయచేసి, అడగకుండా తోటల్లోకి వెళ్ళకండి, ముచ్చటగా ఉన్నాయని పండ్లు కోసి జేబులో వేసుకుని ఇంకో ఊరి తోటలో పారేయకండి. మనకి అది ఆట, వాళ్ళకి ఏడాది ఆదాయం.

సంత రోజు తెలుసుకుని దానికి కలిసేలా వెళ్ళండి, ఇది మాత్రం మిస్ అవ్వద్దు. లాడ్జిలో ఫోన్ చేసి అడిగితే చెప్తారు. తెల్లారకముందే జీపుల మీదా, నెత్తి మీదా కావిళ్ళ మీదా సరుకు దిగుతుంది. అల్లం, పసుపు, పిప్పళ్ళు, చింతపండు, కొండ చీపుళ్ళు, అడ్డాకుల కట్టలు, సీజన్‌లో సీతాఫలాలు, పనస, అనాస. ఇప్పటికీ చాలామంది ఆడవాళ్ళు సోల, తవ్వ, అడ్డ లెక్కన కొలిచి అమ్ముతారు, కిలోలు అడిగితే పక్క కొట్టులో కాటా మీద పెట్టిస్తారు. ఆదివాసీ ఒడియా, కువి, తెలుగు అన్నీ ఒకేసారి వినబడతాయి. ఎదురు వరసలో మైదానం నుంచి వచ్చిన వ్యాపారులు ఎండు చేపలు, ఉప్పు, బట్టలు, ప్లాస్టిక్ బిందెలు అమ్ముతారు.

ఇక్కడ బేరం ఆడకండి. గట్టిగా చెప్తున్నా. ఆమె పది కిలోమీటర్లు నడిచి తెచ్చిన అల్లం, వైజాగ్ రైతు బజార్ రేటు కంటే తక్కువకే చెప్తుంది, అందులోంచి కూడా పది రూపాయలు లాగడం ఏం గొప్ప. నా కళ్ళ ముందే ఒకాయన కారు దిగి వచ్చి తవ్వ పిప్పళ్ళకి అంత రేటా అని గదమాయించి సగానికి తీసుకున్నాడు. ఆమె తల ఎత్తలేదు. దళారుల దగ్గర ఈ మోసం జరక్కూడదనే 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు, జీసీసీ అంటాం కదా, దాని హెడ్డాఫీసు మన వైజాగ్‌లోనే. అడవి తేనె, చింతపండు, కరక్కాయలు, అన్నీ వాళ్ళ దగ్గర కొని అమ్ముతుంది. తేనె కావాలంటే రోడ్డు పక్కన సీసాల్లో అమ్మేదాని కంటే జీసీసీ డిపోలో కొనుక్కోండి, కల్తీ భయం ఉండదు. ఫొటోలు తీసే ముందు అడగండి, వద్దంటే ఆపేయండి, ముఖ్యంగా పెద్ద ఆడవాళ్ళ ముక్కులకి ఉన్న నగలు దగ్గరగా జూమ్ చేసి తీయడం చాలా అసహ్యంగా ఉంటుంది.

మోదకొండమ్మ గుడి ఊళ్ళోనే, నడిచి వెళ్ళొచ్చు. సాయంత్రం వెళ్తే బాగుంటుంది. మే నెలలో జాతర, చుట్టుపక్కల మన్యం అంతా కదిలి వస్తుంది, ఒడిశా నుంచి కూడా వస్తారు, థింసా ఆడతారు. ఆ టైమ్‌లో రూమ్ దొరకడం చాలా కష్టం, తెలిసినవాళ్ళు ఉంటేనే వెళ్ళండి.

వంజంగి వదిలేశాను అనుకోకండి, వెళ్ళాం. ఊళ్ళోంచి కొద్ది దూరమే, జీపులో కింద దాకా వెళ్ళి అక్కడ్నుంచి చీకట్లో నడక. మబ్బులు కనబడటం అదృష్టం, మాకు సగం కనిపించింది, సగం పొగమంచు. బాగుంది. ముందురోజు రాత్రి ఊళ్ళో పడుకుని వెళ్ళాం కాబట్టి మనశ్శాంతిగా చూశాం. మేం మాట్లాడుకున్న జీపు అతను మాత్రం దిగేటప్పుడు రేటు పెంచాడు, అది నచ్చలేదు, అందుకే ఎక్కే ముందే రాను పోను కలిపి మాట్లాడుకోండి, వెయిటింగ్ ఎంతసేపో కూడా. పైన ప్లాస్టిక్ బాటిళ్ళు, చిప్స్ కవర్లు ఎన్ని ఉన్నాయో. మీ చెత్త మీరే కిందకి తెచ్చుకోండి. ఇంకా టైమ్ ఉంటే హుకుంపేట మండలంలో మత్స్యగుండం వెళ్ళండి, ఏట్లో చేపలకి జనం మేత వేస్తారు, ఆ చేపల్ని ఎవరూ పట్టరు.

ఇబ్బందులు కూడా చెప్పాలి. సిగ్నల్ ఊళ్ళో పర్వాలేదు, ఊరు దాటితే పోతుంది, కాబట్టి ఫోన్ పేని నమ్ముకోకుండా నోట్లు పెట్టుకోండి, సంతలో చిల్లర నోట్లే కావాలి. రాత్రి తొమ్మిది దాటితే తిండి దొరకడం కష్టం. గుండె జబ్బు, ఆస్తమా ఉన్న పెద్దవాళ్ళని తీసుకెళ్తే మందులు రెండు రోజులు ఎక్కువే పెట్టుకోండి. జిల్లా ఆసుపత్రి ఉంది, 2024 నుంచి మెడికల్ కాలేజీ కూడా మొదలైంది, అది చూసి నాకు నిజంగా సంతోషం వేసింది, ఎందుకంటే మన్యంలో గర్భిణుల్ని డోలీల్లో మోసుకొచ్చి, ఘాట్ దింపి, వైజాగ్‌లో పెద్దాసుపత్రి కేజీహెచ్ దాకా తెచ్చే కష్టాలు ఏళ్ళుగా పేపర్లో చదువుతూనే ఉన్నాం. ఇంకా లోపలి ఊళ్ళకి రోడ్లు రావాలి. రాజమండ్రి నుంచి రంపచోడవరం, కొయ్యూరు, లంబసింగి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం వెళ్ళే 516ఈ హైవే వల్ల ఈ ఊరికి మంచి జరగాలనే కోరుకుంటున్నా.

ఎప్పుడు వెళ్ళాలంటే, నవంబరు నుంచి జనవరి అందరూ చెప్పేదే, వలిసె పూలు పసుపుపచ్చగా విరబూసి ఉంటాయి, చలి సింగిల్ డిజిట్‌కి పడిపోతుంది, జనం కూడా ఎక్కువ. నా ఓటు సెప్టెంబరు చివరికి. వానలు తగ్గుముఖం పట్టి, కొండలన్నీ కడిగినట్టు పచ్చగా, రూములు ఖాళీగా. జోరు వానలప్పుడు మాత్రం ఘాట్‌లో కొండచరియలు జారతాయి, వార్తలు చూసుకుని బయల్దేరండి.

స్విమ్మింగ్ పూల్, బఫే, రాత్రి క్యాంప్‌ఫైర్ పాటలు కావాలంటే ఈ ఊరు మీకు సరిపడదు. పిల్లలకి మన జిల్లాల పక్కనే ఎలాంటి జీవితం ఉందో చూపించాలి, మంచి తిండి తినాలి, చల్లగా నడవాలి అనుకుంటే నా రేటింగ్ అయిదుకి నాలుగున్నర, ఆ అర వేడినీళ్ళకీ జీపు అతనికీ కట్ చేశా. పిన్ని మెస్‌కి అయితే అయిదుకి అయిదు, మధ్యాహ్నం పన్నెండున్నర లోపు వెళ్ళండి, ఒంటిగంట దాటితే రాజ్మా కూర అయిపోతుంది. తిరుగు ప్రయాణానికి మూడు లోపు బస్సు ఎక్కితే వెలుతురు ఉండగానే ఘాట్ దిగిపోతారు.